గ్రిడ్ దూరం వేరు, నేల దూరం వేరు: సర్వే సందేహాలు

ప్రశ్న: సికింద్రాబాద్ దగ్గర లేఅవుట్ వేస్తున్నాం. ఉపగ్రహాల సాయంతో స్థానం చూపే డీజీపీఎస్‌తో తెచ్చిన ఈస్టింగ్, నార్తింగ్‌లను (తూర్పు, ఉత్తర దిశల మీటర్ల అంకెలు) బట్టి రెండు కంట్రోల్ పాయింట్ల (సర్వేకు ఆధారమైన స్థిర గుర్తుల) మధ్య 1250.49 మీటర్లు వస్తోంది. నేల మీద కోణాలు, దూరాలు కొలిచే టోటల్ స్టేషన్‌తో కొలిస్తే 1250.00. సివిల్ 3డీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో యూటీఎం (భూమిని 6 డిగ్రీల వెడల్పు జోన్లుగా విడదీసే మ్యాపు పద్ధతి) 44 నార్త్ జోనే పెట్టాం. ఏ పరికరం తప్పు చూపిస్తోంది?

జవాబు: రెండూ సరిగ్గానే ఉన్నాయి. మొదటిది గ్రిడ్ దూరం, అంటే మ్యాపు లెక్కలోని దూరం; రెండోది నేల మీది దూరం. గుండ్రటి భూమిని చదును చేసి కాగితం మీద పరిచినప్పుడు ఎక్కడో కుదించాలి, ఎక్కడో సాగదీయాలి. 44వ జోన్‌కు నడిమి రేఖ 81 డిగ్రీల తూర్పు రేఖాంశం. అది హనుమాన్ జంక్షన్‌కూ ఏలూరుకూ మధ్య నుంచి పోతుంది. అక్కడ స్కేలు 0.9996, అంటే కిలోమీటరుకు 40 సెంటీమీటర్లు తక్కువ. పడమరకు వచ్చేకొద్దీ ఆ లోటు తగ్గి, నల్గొండ దగ్గర స్కేలు దాదాపు 1 అవుతుంది. సికింద్రాబాద్‌కు వచ్చేసరికి 1.00047 దాకా సాగుతుంది. ఊరు ఎత్తులో ఉన్నందుకు అందులోంచి 0.00007 తీసేయాలి. మిగిలే ఉమ్మడి గుణకం సుమారు 1.0004. మీ 49 సెంటీమీటర్ల తేడా ఇదే.

దీన్ని వదిలేస్తే ఎకరానికి దాదాపు 4 గజాల తేడా పడుతుంది. పదెకరాల లేఅవుట్‌లో 40 గజాలు. ప్లాట్ల కొలతలు నేల మీద టేపుతో సరిపోవాలి కాబట్టి లేఅవుట్‌ను నేల దూరాల్లోనే గీయండి. సైటు మధ్యలో ఒక కంట్రోల్ పాయింట్‌ను స్థిరంగా పట్టుకుని, మిగతా పాయింట్లను దాని చుట్టూ ఉమ్మడి గుణకంతో భాగించి స్కేలు చేయండి. చాలామంది 0,0ను ఆధారంగా పెట్టి స్కేలు చేస్తారు. ఇక్కడ నార్తింగ్ 19 లక్షల మీటర్లు దాటి ఉంటుంది కాబట్టి సైటు మొత్తం 750 మీటర్లకు పైగా జరిగిపోతుంది. స్కేలు చేశాక ఈస్టింగ్‌లోంచి 2,00,000, నార్తింగ్‌లోంచి 19,00,000 తీసేయండి. అంకెలు చూడగానే ఇవి యూటీఎం కావని ఎవరికైనా తెలుస్తుంది. ఆ డ్రాయింగ్‌కు జోన్ పెట్టకండి. ఆధార బిందువు, గుణకం, తీసేసిన అంకెలు షీటు మీద రాయండి. టోటల్ స్టేషన్‌లో స్కేలు 1 ఉండాలి. పరికరంలో ఒకసారి, కంప్యూటర్లో మరోసారి గుణకం వేయడం తరచూ జరిగే పొరపాటు.

ప్రశ్న: పటాన్‌చెరు నుంచి జహీరాబాద్ దాకా రోడ్డు డిజైన్. ఒక టీమ్ 43, ఇంకో టీమ్ 44 జోన్‌లో డేటా ఇచ్చింది. ఏది ఉంచాలి?

జవాబు: జోన్లు మారే 78 డిగ్రీల రేఖ సంగారెడ్డికీ సదాశివపేటకూ మధ్య పడుతుంది. ఇద్దరూ తమ లెక్కలో సరైనవాళ్లే, కానీ ఒక డ్రాయింగ్‌లో రెండు జోన్లు పనికిరావు. తెలంగాణలో ఎక్కువ భాగం 44లో ఉంది కాబట్టి అదే ఉంచండి. జహీరాబాద్ వైపు గ్రిడ్ కిలోమీటరుకు 1.2 మీటర్లు సాగుతుంది. కల్వర్టులు, వంతెనల కొలతలకు నేల దూరం తీయక తప్పదు.

43 జోన్ ఫైలుకు 44 అని పేరు పెడితే మార్పిడి జరగదు. జహీరాబాద్ పాయింట్లు విశాఖకు తూర్పున సముద్రంలో పడతాయి! క్యూజీఐఎస్ మ్యాపు సాఫ్ట్‌వేర్‌లో ముందు లేయర్‌కు దాని అసలు జోన్, అంటే ఈపీఎస్‌జీ కోడ్ 32643, ఇవ్వండి. తర్వాత రీప్రాజెక్ట్ లేయర్‌తో 32644 (44 జోన్ కోడ్)లోకి మార్చి కొత్త ఫైలుగా భద్రపరచండి. అనంతపురం, హిందూపురం 43లో, ఇచ్ఛాపురం 45లో ఉంటాయని కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: శాటిలైట్ చిత్రం మీద గీసిన ఎకరం పొలం 5290 గజాలు చూపిస్తోంది. ఎందుకు?

జవాబు: క్యూజీఐఎస్ ప్రాజెక్టు ఆన్‌లైన్ మ్యాపులు వాడే వెబ్ మెర్కేటర్ ప్రొజెక్షన్, అంటే ఈపీఎస్‌జీ 3857లో ఉండి, కొలత టూల్‌లో కార్టీజియన్ (చదును మ్యాపు మీది లెక్క) ఎంచుకుని ఉంటారు. 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఆ ప్రొజెక్షన్ విస్తీర్ణాన్ని 9 శాతానికి పైగా పెంచుతుంది. 4840 గజాలు 5290 అయ్యేది అందుకే. అది చూడ్డానికి మాత్రమే. కొలతకు ఎలిప్సాయిడల్ (భూమి గుండ్రటి ఆకారం మీది లెక్క) ఎంచుకోండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో డీజీపీఎస్ ఎత్తు బెంచ్‌మార్క్ (సముద్రమట్టం నుంచి ఎత్తు తెలిసిన గుర్తు) కంటే 70 మీటర్లకు పైగా తక్కువ వస్తోంది.

జవాబు: అది ఎలిప్సాయిడ్ (లెక్కల కోసం భూమికి అనుకునే నున్నటి ఆకారం) మీది ఎత్తు, సముద్రమట్టం మీదిది కాదు. రిసీవర్‌లో ఈజీఎం 2008 లాంటి జియాయిడ్ మోడల్ (ఎలిప్సాయిడ్‌కూ సముద్రమట్టానికీ తేడా చెప్పేది) పెట్టి, సర్వే ఆఫ్ ఇండియా బెంచ్‌మార్క్‌తో సరిచూసుకోండి. డ్రైనేజీ వాలుకు మాత్రం ఎత్తు తేడాలు కొలిచే ఆటో లెవెల్‌తో లెవెలింగే చేయండి.