ల్యాప్‌టాప్ ప్రాసెసర్ స్పీడ్ 0.79 గిగాహెర్ట్జ్ దాటట్లేదు, ఎందుకు?

మీరు రాసినదాంట్లో అసలు సంగతి ఒక్క వాక్యంలో ఉంది: టాస్క్ మేనేజర్‌లో సీపీయూ వాడకం 100 శాతానికి చేరినా, కింద ఉన్న ‘స్పీడ్’ మాత్రం 0.79 గిగాహెర్ట్జ్ దాటట్లేదని. 4 గిగాహెర్ట్జ్ పైన పరిగెత్తాల్సిన కోర్ ఐ5 అది. విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా తేడా రాలేదంటున్నారు కాబట్టి ఇంకోసారి ఆ పని పెట్టుకోకండి. యాంటీవైరస్, బ్రౌజర్ లాంటివి ప్రాసెసర్ మీద పని పెంచగలవు గానీ దాని వేగాన్ని ఇంత కిందికి నొక్కిపట్టలేవు. చేతినిండా పని ఉన్నా బేస్ స్పీడ్‌కి, అంటే కంపెనీ మామూలు వేగంగా చెప్పే అంకెకి, బాగా కింద ఉందంటే, మెషీన్‌లోనే ఏదో ఒకటి దాన్ని ఆపుతోంది.

నా ల్యాప్‌టాప్‌కి అచ్చం ఇదే వచ్చింది. టైప్ చేసిన అక్షరం స్క్రీన్ మీదకి రావడానికి కూడా టైమ్ పట్టేది. స్పీడ్ 0.39 దగ్గర ఆగిపోయేది. వేడెక్కుతోందేమో అని చూస్తే టెంపరేచర్ 50 డిగ్రీలు కూడా లేదు. రిపేర్‌కి చూపిస్తే మదర్‌బోర్డ్ మార్చాలన్నారు. నాకు నమ్మబుద్ధి కాలేదు, ఎందుకంటే ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడిపితే అదే మెషీన్ మామూలుగా పనిచేస్తోంది. బోర్డ్ పోయి ఉంటే ఛార్జర్ తీసినంత మాత్రాన ఎలా బాగవుతుంది? అదే మోడల్‌కి సరిపోయే, అన్నే వాట్లున్న ఇంకో ఛార్జర్ పెట్టి చూశాను. స్పీడ్ వెంటనే 3 దాటింది. ఆ బోర్డ్ ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది.

ఎందుకిలా అవుతుందంటే, ప్రాసెసర్‌కీ బోర్డ్‌కీ మధ్య ప్రాక్‌హాట్ అనే సిగ్నల్ ఒకటి ఉంటుంది. ప్రాసెసర్ బాగా వేడెక్కినప్పుడు ఆ సంగతి దీని ద్వారా బయటికి చెబుతుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో ఇది రెండు వైపులా పనిచేసేలా పెట్టొచ్చు, దాన్నే బీడీ ప్రాక్‌హాట్ అంటారు. అంటే బోర్డ్ మీదున్న వేరే భాగం కూడా అదే దారిలో ప్రాసెసర్‌ని తగ్గమని చెప్పగలదు. అలా చెప్పగానే, చల్లగా ఉన్నా సరే, ప్రాసెసర్ అట్టడుగు వేగానికి దిగిపోతుంది. చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఆ అట్టడుగు 400 లేదా 800 మెగాహెర్ట్జ్. మీకు కనిపిస్తున్న 0.79 దాదాపు అదే, అందుకే నా అనుమానం గట్టిగా ఇటే ఉంది.

ఇక ఛార్జర్ సంగతి. గుండ్రటి మొన ఉన్న ఛార్జర్లలో చాలావాటికి మధ్యలో సూదిలాంటి సన్నటి పిన్ ఉంటుంది. ల్యాప్‌టాప్‌ని నడిపే కరెంట్ దాంట్లోంచి రాదు. ఛార్జర్ ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కి తెలిసేది దాని ద్వారానే. ఆ పిన్ వంగినా, దాని వైరు లోపల తెగినా, ఛార్జర్ ఎంత ఇవ్వగలదో తెలియక బోర్డ్ ముందుజాగ్రత్తగా ప్రాసెసర్‌ని తగ్గించేస్తుంది. లైట్ వెలుగుతుంది, ల్యాప్‌టాప్ ఆన్ అవుతుంది, దాంతో ఛార్జర్ మీద ఎవరికీ అనుమానం రాదు. ప్లగ్ పెట్టినా బ్యాటరీ శాతం పెరగకపోవడం కూడా దీని గుర్తే. టైప్ సీ అయితే, 65 వాట్లు కావాల్సిన మెషీన్‌కి చిన్న ఫోన్ ఛార్జర్ తగిలించినా స్పీడ్ పడిపోవచ్చు.

కాబట్టి ముందు బ్యాటరీ సగానికి పైగా ఉన్నప్పుడు ఛార్జర్ తీసి స్పీడ్ చూడండి. తర్వాత సరైన వాట్లున్న వేరే ఛార్జర్ దొరికితే దాంతో చూడండి. రెండింటికీ మారకపోతే, ల్యాప్‌టాప్ ఆపేసి, ఛార్జర్ తీసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకుని మళ్లీ ఆన్ చేయండి. ఒక్కోసారి అంతటితోనే సరిపోతుంది. విండోస్‌లోనే ఉండే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి, కెర్నెల్ ప్రాసెసర్ పవర్ పేరుతో 37 నంబర్ ఎంట్రీలు ఉన్నాయేమో కూడా చూడండి. ఉంటే, ఫర్మ్‌వేరే (బోర్డ్‌లోనే ఉండే ప్రోగ్రామ్) వేగాన్ని తగ్గిస్తోందని విండోస్ స్వయంగా రాసిపెట్టినట్టు.

థ్రాటిల్‌స్టాప్ అనే ప్రోగ్రామ్‌లో బీడీ ప్రాక్‌హాట్ టిక్ తీసేయమని చాలామంది చెబుతారు. కారణం తెలుసుకోవడానికి కాసేపు తీసి చూడటం వరకు సరే. దాన్నే పరిష్కారంగా వాడటం నాకు ఇష్టం లేదు. ఆ టిక్ తీసేసినా ప్రాసెసర్ తన సొంత వేడి నుంచి తనని కాపాడుకుంటుంది గానీ, దానికి కరెంట్ అందించే భాగాలు నిజంగానే వేడెక్కుతుంటే వాటి మాట వినేవాళ్లు ఉండరు.

ఛార్జర్ ఏ తప్పూ చేయలేదని తేలితే అప్పుడు హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ప్రోగ్రామ్ పెట్టి, పని నడుస్తుండగా స్పీడ్, టెంపరేచర్, వాట్లు మూడూ కలిపి చూడండి. మొదట్లో పైకెళ్లి, 95-100 డిగ్రీలు తాకగానే పడిపోతుంటే దుమ్ము, ఫ్యాన్, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ చూసుకోవాలి. వేడి అంతగా లేకుండా, అర నిమిషానికో నిమిషానికో వాట్లు ఒక అంకె దగ్గర ఆగి స్పీడ్ సగానికి వచ్చి నిలబడితే అది పవర్ లిమిట్, అంటే ప్రాసెసర్ ఎన్ని వాట్లు వాడొచ్చో పెట్టిన హద్దు. సన్నటి ల్యాప్‌టాప్‌లలో ఇది లోపం కాదు. పెట్టె మీద రాసే పెద్ద అంకె ఒకటి రెండు కోర్లు కాసేపు అందుకునే వేగం మాత్రమే, అన్ని కోర్లూ గంటలకొద్దీ నిలబెట్టుకునేది కాదు. ఈ తేడా కొనేటప్పుడు ఎవరూ విడమరిచి చెప్పరు, దానివల్ల చాలామంది మంచి మెషీన్‌ని పాడైందనుకుని బాధపడతారు.

స్పీడ్ సరిగ్గా బేస్ దగ్గరే ఆగిపోతే పవర్ ప్లాన్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 99 శాతం ఉందేమో చూడండి. ఆ ఒక్క శాతం తక్కువైనా చాలా మెషీన్లలో టర్బో, అంటే బేస్ దాటి వేగం పెంచుకోవడం, ఆగిపోతుంది. మీ లక్షణానికి ఇది సరిపోదు, ఇదే సమస్యతో వచ్చేవాళ్ల కోసం రాస్తున్నాను.

ఛార్జర్ పెట్టి ఒకసారి, తీసి ఒకసారి స్పీడ్ ఎంత చూపిస్తోందో, ఛార్జర్ మీద ఎన్ని వాట్లని ఉందో, బ్యాటరీ ఎక్కుతోందో లేదో ఇక్కడే రాయండి. అవి చూస్తే తర్వాత ఏం చేయాలో చెప్పగలను. అప్పటిదాకా బోర్డ్ మార్చడానికి మాత్రం ఒప్పుకోకండి.