యూనియన్‌లో చేరితే మా అబ్బాయి ఉద్యోగం పోతుందా?

ప్రశ్న: నేను నల్లగొండ జిల్లాలో ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ని. మా అబ్బాయి బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో ఒక మందుల కంపెనీలో ఎనిమిది నెలలుగా పనిచేస్తున్నాడు. తోటివారు యూనియన్ పెడుతున్నారట, తానూ సంతకం చేస్తానంటున్నాడు. ఒకసారి పేరు పడితే ఇక ఎక్కడా తీసుకోరని బంధువులు భయపెడుతున్నారు.

జవాబు: మాస్టారూ, మీ బల్ల మీదున్న డైరీ ఏదో ఒక ఉపాధ్యాయ సంఘానిదే అయి ఉంటుంది. ఏటా చందా కడతారు, పీఆర్సీ ఆలస్యమైతే ధర్నాకూ వెళతారు. మిర్యాలగూడ మిల్లుల్లో హమాలీలు బస్తా కూలిని సంఘంగానే మాట్లాడుకుంటారు. వీటిని తప్పుపట్టని బంధువులే, ఫ్యాక్టరీలో కుర్రాడు సంతకం చేస్తానంటే చెడిపోయాడంటారు.

అలాగని మీ భయం ఉత్తదే అనను. మీకున్న ఉద్యోగ రక్షణ అతనికి లేకపోవచ్చు. నియామక పత్రంలో ‘అప్రెంటిస్’ అని ఉంటే, 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం అతను కార్మికుడే కాడు. లేదంటే పీఎఫ్ పాస్‌బుక్ తెరవమనండి. జమ చేస్తున్నది కంపెనీయా, కాంట్రాక్టరా? ఒకే యంత్రం దగ్గర పక్కపక్కనే నిలబడే ఇద్దరి పాస్‌బుక్కుల్లో వేర్వేరు యజమానుల పేర్లు కనిపిస్తాయి. ఇలాంటి చోట సంఘం కట్టడమంటే మాటలు కాదు. షిఫ్టు దిగగానే ఎవరి బస్సు వారెక్కుతారు. ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవారితో రెండు మాటలు కలపాలన్నా భాష అడ్డం.

సంఘం నమోదుకు ఏడుగురు దరఖాస్తు చేస్తే చాలు. కానీ అక్కడి కార్మికుల్లో 10 శాతం లేదా 100 మంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, ఒకటికి మించి సంఘాలున్న చోట 51 శాతం మద్దతున్నదే యాజమాన్యంతో బేరమాడే ఏకైక సంఘం. సంఘంలో చేరినందుకు తీసేయడం చట్టరీత్యా తప్పే. అయితే ఆ కారణాన్ని కాగితం మీద ఎవరు పెడతారు? హాజరు బాగాలేదనో, రికార్డు తప్పనో రాస్తారు. అందుకే బ్యాచ్ రికార్డులో, అంటే ఒక్కో విడత మందు తయారీ వివరాలు రాసే పత్రంలో, ఏ పనికి ఆ పని కాగానే సంతకం పెట్టమనండి, షిఫ్టు చివర అన్నీ కలిపి కాదు.

అప్రెంటిస్ అయితే ఆ గడువు ముగిసేదాకా ఆగడమే మేలు. కాంట్రాక్టరు కింద ఉంటే చేరవచ్చు, కానీ మొదటి సంతకం తనది కానక్కర్లేదు. కంపెనీ ఉద్యోగే అయితే నేను అడ్డుచెప్పను. ఈ విషయాలపై నిజంగా ఆసక్తి ఉంటే లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేయవచ్చు. గ్రూప్-2లో సహాయ కార్మిక అధికారి పోస్టులూ ఉంటాయి.

ఈసారి ఇంటికొచ్చినప్పుడు యూనియన్ మాట ఎత్తకండి. ముందు ఆ నియామక పత్రం చూపించమనండి.