కుక్కపిల్ల వచ్చిన రోజున ఊరందరినీ పిలవకండి

ప్రశ్న: మాది చెన్నై పెరంబూరులో మూడో అంతస్తు ఫ్లాట్. వచ్చే ఆదివారం రెండు నెలల ల్యాబ్రడార్ పిల్లను తెచ్చుకుంటున్నాం. మా పిల్లలు అప్పుడే ఫ్రెండ్స్ అందరినీ పిలిచేశారు. మొదటి రోజు నుంచే బాల్కనీలో పడుకోబెడితే అదే అలవాటవుతుందని మావారు అంటున్నారు. పెరుగన్నం, పాలు పెడితే చాలా? టీకాలు పూర్తయ్యేదాకా బయటికి తీసుకెళ్లకూడదట, నిజమేనా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు బాల్కనీ సంగతి చెబుతానమ్మా. వద్దు. నిన్నటిదాకా తల్లి పొట్టకు ఆనుకుని పడుకున్న పిల్ల అది. ఒంటరిగా వదిలేస్తే ఏడ్చి ఏడ్చి అలసి నిద్రపోతుంది. దాన్ని చూసి అలవాటైపోయిందని మనం అనుకుంటాం. మీ మంచం పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఒక అట్టపెట్టెలో దుప్పటి పరిచి పడుకోబెట్టండి. తెచ్చేటప్పుడు తల్లి ఒంటికి రుద్దిన గుడ్డముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి, ఆ వాసన ఉంటే త్వరగా కుదుటపడుతుంది. బెదురు తగ్గాక పెట్టెను కొద్దికొద్దిగా మీరనుకున్న చోటికి జరపవచ్చు. మీవారికి ఇది గారాబంలా అనిపించవచ్చు, కానీ భయం లేని పిల్లే తర్వాత ఒంటరిగా ఉండగలుగుతుంది.

రాత్రి మధ్యలో లేస్తే చాలావరకు మూత్రానికే. లైట్లన్నీ వేసి ముద్దు చెయ్యకుండా తీసుకెళ్లి, మళ్లీ పడుకోబెట్టండి. దానికి మాత్రం బాల్కనీ మూల బాగా పనికొస్తుంది, పాత పేపర్లు పరవండి. నిద్ర లేచిన వెంటనే, తిన్నాక, ఆడాక అక్కడికి తీసుకెళ్లి, పని కాగానే మెచ్చుకోండి. హాల్లో పోసిందని ముక్కు నేలకు రుద్దడం ఇప్పటికీ చూస్తున్నాను, దయచేసి ఆ పని చెయ్యకండి. దానివల్ల అది నేర్చుకునేది ఒక్కటే, మీరు చూడకుండా సోఫా వెనక పొయ్యడం. ఫినాయిల్‌తో తుడిచిన నేల పూర్తిగా ఆరేదాకా దాన్ని రానివ్వకండి, నాకేస్తుంది. నున్నటి టైల్స్ మీద కాళ్లు జారకుండా అది తిరిగే చోట చాపలు వెయ్యండి.

ఈ వయసులో పిల్ల రోజుకు 18 గంటలైనా నిద్రపోతుంది. అందుకే ఫ్రెండ్స్‌ని వారం ఆగి, ఇద్దరిద్దరిగా రమ్మనండి. నిద్రపోతున్న పిల్లను ఎవరూ ఎత్తుకోకూడదని మీ పిల్లలకు గట్టిగా చెప్పండి.

తిండి విషయానికొస్తే, పెరుగన్నంతో కడుపు నిండుతుంది గానీ ఎదిగే పిల్లకు మాంసకృత్తులు చాలవు. పాలు చాలా కుక్కపిల్లలకు అరగక విరేచనాలవుతాయి. మొదటి కొన్ని రోజులు పుట్టిన చోట ఏం తినేదో అదే, రోజుకు నాలుగుసార్లు పెట్టండి. మార్చాలనుకుంటే వారం పట్టేలా కొద్దికొద్దిగా కలుపుతూ మార్చండి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ దాని నోటికి అందకూడదు. పాయసంలోని కిస్‌మిస్ సంగతి ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చెప్పండి.

బయటి సంగతిలో మీరు విన్నది సగమే నిజం. కుక్కపిల్లలకు వాంతులు, నెత్తురు విరేచనాలు తెచ్చి ప్రాణం మీదికి తెచ్చే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది కాబట్టి వీధిలో, పార్కులో కింద దించకండి. అలాగని ఇంట్లోనే బంధిస్తే ఆటో హారన్‌కీ, కొత్త మనుషులకీ జీవితమంతా బెదిరే కుక్క అవుతుంది. లోకాన్ని చూసి ధైర్యం తెచ్చుకునే వయసు దాదాపు 14 వారాలకే అయిపోతుంది. రోజూ సాయంత్రం చంకనెత్తుకుని వీధి చివరిదాకా తిప్పి తీసుకురండి.

2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, పుట్టిన తేదీ అడగండి. టీకాల కార్డు, నులిపురుగుల మందు వేసిన తేదీలు కూడా తీసుకోండి. తెచ్చిన రెండు మూడు రోజుల్లోనే డాక్టరుకు చూపించండి. టీకా 16 వారాలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి పడాలి, మూడు నెలలకు రేబిస్ టీకా కూడా. కార్పొరేషన్ లైసెన్సు తర్వాత మర్చిపోకండి.

వాంతులు, నెత్తురు విరేచనాలు, తిండి మానేసి నీరసంగా పడుండటం... వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. అంత చిన్న ఒంట్లో నీరు గంటల్లోనే తగ్గిపోతుంది. వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాల ఆసుపత్రి మీకు దగ్గరే. రాత్రిపూట చూసే క్లినిక్ నంబరు కూడా ఒకటి ఆదివారానికి ముందే కనుక్కుని ఫోన్లో పెట్టుకోండి.