పది బస్తాల బెంటోనైట్ పోసినా బోరు ఎందుకు కూలింది?

ప్రశ్న: భీమిలి దగ్గర, తీరానికి అరకిలోమీటరు దూరంలో రోటరీ బండితో బోరు వేయిస్తున్నాం. పదంగుళాల బిట్, 30 మీటర్ల లోతు. పక్క బోరు నీళ్లే గుంతలోకి పట్టి 50 కిలోల బెంటోనైట్ (నీళ్లలో ఉబ్బే బంకమట్టి పొడి) బస్తాలు పది పోశారు. అయినా మడ్ (తవ్వేటప్పుడు బోరులో తిప్పే ఆ మట్టి నీళ్లు) పల్చగానే ఉంది. 18 మీటర్ల దగ్గర రాడ్లు పైకి తీసి, భోజనాలు చేసొచ్చేసరికి ఇసుక కూలి బోరు పూడిపోయింది. ఇంకా బస్తాలు పొయ్యాలా, పాలిమర్ వాడాలా?
— ఒక పాఠకుడు, భీమునిపట్నం

జవాబు: ఇంకొక్క బస్తా కూడా పొయ్యకండి. ముందు ఆ పక్క బోరు నీళ్లు ఎలాంటివో చూడండి. లీటరు నీళ్లు గాజు సీసాలో పట్టి, 60 గ్రాముల బెంటోనైట్ వేసి బాగా గిలక్కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి మొత్తం ఒకేలా జారుడుగా ఉంటే నీళ్లు పనికొస్తాయి. పైన తేట నీరు తేలి, అడుగున మట్టి పేరుకుంటే అవి మడ్‌కి పనికిరావు.

బెంటోనైట్ అంటే పల్చటి రేకులు. మంచినీళ్లలో నీటిని పీల్చి, రేకు రేకుగా విడిపోయి ఉబ్బుతాయి. ఉప్పునీళ్లలో విడిపోవు, ముద్దలు కట్టి దిగిపోతాయి. మీ బస్తాలు పోయింది అలాగే అని మా అనుమానం. సోడా యాష్ (బట్టల సోడా) వేస్తే బాగవుతుందని కొందరు చెబుతారు. అది తీసేది సున్నపు కాఠిన్యాన్నే, ఉప్పును కాదు.

మంచినీళ్ల ట్యాంకర్ తెప్పించండి. పదంగుళాల బోరు 30 మీటర్లకు సుమారు 1,500 లీటర్లు పడుతుంది. గుంతలతో కలిపి దానికి మూడింతలు ఉండాలి కాబట్టి 5,000 లీటర్లు చాలు. ముందు వెయ్యి లీటర్లకు అరకిలో నుంచి కిలో దాకా సోడా యాష్ కలిపి, పీహెచ్ కాగితం 8.5–9.5 మధ్య చూపాక బెంటోనైట్ మొదలుపెట్టండి. వెయ్యి లీటర్లకు 60 కిలోలు, అంటే మొత్తం ఆరే బస్తాలు. పంపు తిరుగుతుండగా కొద్దికొద్దిగా చల్లాలి, గుమ్మరిస్తే ఉండలు కడుతుంది. రాత్రంతా నానితే మంచిది.

చిక్కదనం కంటితో తేల్చొద్దు. మార్ష్ గరాటులో 1,500 మిల్లీలీటర్లు పోసి, అందులోంచి 946 మిల్లీలీటర్లు కారడానికి పట్టే సెకన్లు లెక్కపెట్టండి. మామూలు నీళ్లకు 26. మీ ఇసుకకు 45 దగ్గర ఉండాలి. ఇంకా చిక్కగా ఉంటే మంచిదనుకోవద్దు: ఇసుక గుంతలో దిగకుండా మళ్లీ బోరులోకే వెళ్తుంది, గోడకు పట్టిన పొర మందమై తర్వాత నీళ్లు ఊరవు.

రెండో తప్పు భోజనాల వేళ జరిగింది. రాడ్లు పైకి తీసినప్పుడు అవి ఆక్రమించిన చోటు ఖాళీ అయి మడ్ మట్టం దిగుతుంది. గోడను నిలబెట్టేది ఆ మట్టం ఒత్తిడే. మడ్ నేల మట్టం దాకా ఉండాలి. దిగితే వెంటనే నింపాలి, బండి ఆగినా సరే ఒక మనిషి కాపలా ఉండాలి.

పాలిమర్ బెంటోనైట్‌కు తోడు, బదులు కాదు. మడ్‌లోని నీరు ఇసుకలోకి ఎక్కువగా ఇంకిపోతుంటే వెయ్యి లీటర్లకు కిలో పీఏసీ అనే పాలిమర్ వేయండి, అదీ బెంటోనైట్ నానాకే. ఎర్రబంకమన్ను తగిలితే లెక్క వేరు: మన్ను బిట్‌కు అంటుకుంటుంది కాబట్టి అక్కడ బెంటోనైట్ తగ్గించి, బంకను ఉబ్బనివ్వని పాలిమర్ వాడాలి. సింహాచలం కొండ వైపు ఖోండలైట్ రాతిలో గాలి బండ్లతో తవ్వుతారు, అక్కడ మడ్ ఊసే లేదు.

ప్రశ్న: చమురు బావుల్లోనూ ఇదే మడ్డా?
— ఇంజినీరింగ్ విద్యార్థి, గాజువాక

జవాబు: మొదలు అక్కడా మట్టి నీళ్లే. లోతు పెరిగి, గ్యాస్ ఎగదన్నే ఒత్తిడిని ఆపాల్సి వచ్చాక 1920లలో బరువుకోసం బెరైట్ అనే బరువైన ఖనిజపు పొడి కలపడం మొదలైంది. మన రాయలసీమలోని మంగంపేట గనులు దానికే పేరు. ఉబ్బే షేల్ రాయిలో పొటాషియం క్లోరైడ్, పాలిమర్ కలిపిన మడ్ వాడతారు. తాగునీటి బోరులో ఆ ఉప్పు వాడకూడదు.