చేలోకి దిగే ముందు

అమలాపురం

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఈ మే నెలలో నువ్వు సఖినేటిపల్లి నుంచి అంతర్వేది దాకా తిరిగి, భూమి కింద ఉప్పునీరు ఎక్కడి వరకు వచ్చిందో విద్యుదయస్కాంత సర్వే చేస్తావట. ఎండల్లో ఆడపిల్ల ఒక్కతే ఎలాగన్నయ్యా అని ఆవిడ దిగులు. నా మేనకోడలు ఆ సర్వే తీగచుట్ట, అదే కాయిల్, పట్టుకుని మన చేలల్లో నడుస్తుందంటే నాకెంత సంతోషం కలిగిందో చెప్పలేను. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. దాళ్వా కోతలై, కాలువలు కట్టేశాకే దిగు. పొలం వాళ్ళని అడగకుండా గట్టు దాటకు. బ్యాటరీలు రెండు జతలు ఉంచుకో. ప్రతి పాయింటు దగ్గరా జీపీఎస్ అంకెలు పుస్తకంలో కూడా రాయి, ఫోన్‌ని నమ్మకు.

కరెంటు లైన్ల దగ్గర మాత్రం జాగ్రత్త. ఇప్పుడు మన వైపు ఎటు చూసినా రొయ్యల చెరువులే. చెరువున్న చోట నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు, వాటి కోసం లైన్లు. కనీసం వంద మీటర్లు ఎడంగా జరుగు. ఇనప కంచె, బోరు కేసింగు, పాతిపెట్టిన పైపు, ఇవన్నీ కాయిల్‌కి మంచి వాహకాలే. కోనసీమలో గ్యాస్ పైపులు ఎక్కడెక్కడ పోతున్నాయో నీకు తెలుసు. అవి రీడింగు పాడుచేస్తాయి, అది పెద్ద నష్టం కాదు. మట్టి తోడి చూసే ఆగర్ దించే ముందు మాత్రం పైపులైను గుర్తు రాళ్ళు చూసుకో, ఊళ్ళో అడుగు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపు పేలి ఏం జరిగిందో మనం మర్చిపోకూడదు.

ఇంకొకటి, పిడుగు. మే నెల సాయంత్రాలు ఎలా ఉంటాయో చూశావుగా. ఖాళీ చేలో టెమ్ లూపు కోసం నలభై మీటర్ల చదరంగా రాగి తీగ పరిచి దాని పక్కన నిలబడటమంటే మాటలు కాదు. మొదటి ఉరుము వినపడగానే తీగ అక్కడే వదిలెయ్. చుట్టడానికి కూడా ఆగకు. కొబ్బరిచెట్టు కిందకి పోకు, పక్కా ఇంట్లోకో కారులోకో వెళ్ళు. తీగ పోతే నేను కొనిస్తాను. ఈ ఒక్క మాట మీద నాకు ఒట్టు వెయ్యాలి.

నీకు గుర్తుందో లేదో, ఆరేళ్ళప్పుడు అంతర్వేది తీర్థంలో ఇసుక తిప్ప మీద చెలమ తవ్వావు. సముద్రం పక్కనే తియ్యటి నీళ్ళు వచ్చేసరికి అందరినీ పిలిచి తాగించావు. ఇంకా కావాలని లోతుకు తవ్వితే ఉప్పునీళ్ళు వచ్చాయి. నా నీళ్ళు పాడైపోయాయని ఇంటికొచ్చేదాకా ఏడ్చావు. ఇప్పుడు నువ్వు కొలవబోయేది ఆ చెలమనే. వాననీరు తేలిక, సముద్రపు నీరు బరువు, అందుకని తీపి ఉప్పు మీద తేలుతుంది. సముద్ర మట్టానికి పైన మంచినీరు ఒక అడుగుంటే, కింద సుమారు నలభై అడుగులు ఉంటుంది. మోటారు పెట్టి పై నీటిని ఒక్క అడుగు దించితే, కాలం గడిచేకొద్దీ కింద ఉప్పు నలభై అడుగుల దాకా పైకి రాగలదు. ఫిల్టర్ పాయింట్లు, అంటే తక్కువ లోతు బోర్లు, వేసుకునే రైతులకు నీ మ్యాపు ఎందుకు కావాలో ఈ లెక్క చెబుతుంది.

ఇక నేను చేసిన తప్పు. మీ అమ్మకి కూడా చెప్పలేదు.

1996 నవంబరు తుపానుకి కోనసీమలో కొబ్బరి తోటలు నేలకొరిగాయి. మరుసటి వేసవి రాజోలు దిగువన ఒక రైతు నన్ను పిలిచాడు. ఎకరంన్నర తోట పోయింది. మళ్ళీ మొక్కలు పెడితే కాపుకి ఆరేడేళ్ళు. ఈలోగా చెరువుకి లీజుకిమ్మని ఒకరు తిరుగుతున్నారు. "కింద మంచినీళ్ళుంటే మొక్కలే పెడతానండి, మీరు చూసి చెప్పండి" అన్నాడు. అడిగింది అంతే.

అరువు తెచ్చిన పరికరం, ఆ రాత్రికే ఇంకో ఊరికి పంపాలి. రెండు కాయిల్స్ మధ్య పది మీటర్ల ఎడంతో రెండు లైన్లు నడిచాను. మీటరుకి నూట ఎనభై మిల్లీసీమెన్ల దాకా వచ్చింది. అది ఉప్పునీటికి సరిపోయే అంకె. ఎడం పెంచి ఇంకా లోతుకి చూడటానికి నలభై మీటర్ల కేబుల్ సంచిలోనే ఉంది. పొద్దు వాలుతోందని తియ్యలేదు. ఆగర్ వెయ్యలేదు. పక్కింటి నూతిలో నీళ్ళు తోడి చూడలేదు. "కింద ఉప్పేనండీ" అని చెప్పేసి బండెక్కాను.

ఆయన తోట చెరువైంది. మూడో పంటకి తెల్లమచ్చ తెగులొచ్చి రొయ్య పోయింది. లీజుకి తీసుకున్నవాడు చెప్పకుండా వెళ్ళిపోయాడు.

ఏడేళ్ళ తర్వాత ఆ ఊళ్ళో పెళ్ళికి వెళితే, ఆ రైతే గుర్తుపట్టి వాళ్ళ అరుగు మీద కూర్చోబెట్టి చెంబుతో నీళ్ళిచ్చాడు. చల్లగా, తియ్యగా ఉన్నాయి. ఎక్కడివండీ అన్నాను. "పెరట్లో ఫిల్టర్ పాయింటేనండి, ఎనభై అడుగులు" అన్నాడు. ఆ పెరటి గట్టు పక్కనే చెరువు. నేను నడిచిన నేల అదే. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. చెంబు కింద పెట్టడానికి నాకు చేతులు రాలేదు.

పైన యాభై అడుగులు బంకమన్ను అమ్మడూ. తడి బంకమన్ను కూడా ఉప్పునీటి ఇసుకలాగే కరెంటుని లాగుతుంది. దాని కింద పూడిపోయిన పాత గోదారి పాయ ఇసుక, అందులో మంచినీరు. ప్రయాగ్‌రాజ్ దగ్గర హైదరాబాదు భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ వాళ్ళు హెలికాప్టరుకి కాయిల్ కట్టి ఎగిరితే, గంగా యమునల మధ్య 45 కిలోమీటర్ల పాత నది బయటపడిందని చదివినప్పుడు ఆ పెరడే గుర్తొచ్చింది. పది మీటర్ల ఎడంతో కాయిల్స్ నేల మీద పడుకోబెట్టినా పదిహేను మీటర్లు మించి చూడలేవు. నేను బంకమన్నుని మాత్రమే చూసి, దాని కిందది కూడా చెప్పేశాను.

కాయిల్ చెప్పేది కండక్టివిటీ, అంటే నేల కరెంటుని ఎంత లాగుతుందన్నది, ఒక్కటే. ఉప్పా, బంకమన్నా అన్నది నువ్వు తేల్చాలి. ప్రతి లైనుకి ఒక చోటైనా ఆగర్ వేసి మట్టి చేత్తో నలిపి చూడు. దగ్గరున్న నుయ్యి, ఫిల్టర్ పాయింటు నీళ్ళ ఈసీ, అంటే నీటి కండక్టివిటీ, కొలువు. అంతర్వేది వైపు ఉప్పు మరీ ఎక్కువైన చోట పెద్ద ఎడంతో రీడింగు పెరగాల్సింది పోయి తగ్గుతుంది, సున్నా కిందకీ పోవచ్చు. అది చూసి మంచినీరనుకోకు. అక్కడ టెమ్ లూపు వేసి సరిచూసుకో. నీకు చిన్నప్పటి నుంచీ తొందరెక్కువ, దాని గురించే నా టెన్షన్. పొలం వాడు "ఏమొచ్చిందమ్మా" అని అడిగితే, ఇంకా చూడాలండీ అను. ఎంత బతిమాలినా సరే.

నా పాత ఆగర్ తుప్పు వదిలించి, నూనె రాసి పెట్టాను. రాజోలు మీదుగానే వెళ్తావు కాబట్టి ఒక పూట నాకివ్వు. ఆ రైతు పెరటి గట్టు మీద నలభై మీటర్ల ఎడంతో ఒక లైను వెయ్యాలి. రెండో కాయిల్ నేను పట్టుకుంటాను.

నీ
మావయ్య