తెల్లబడిన ఫ్లాస్కు

చి. రమ్యకు,

మైక్రోజెల్స్ మీద, అంటే నీళ్లు తాగి ఉబ్బే అతిచిన్న జెల్ రేణువుల మీద, నువ్వు రాసిన వ్యాసం అందింది. మొదటి పేజీలోనే "వైద్యంలో విప్లవం" కనిపించేసరికి పక్కన పడేశాను. రాత్రి కరెంటు పోయి, నిద్ర పట్టక మళ్లీ తీశాను. నాలుగో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను: "ఫ్లాస్కు ఉన్నట్టుండి తెల్లబడింది, ఏదో పాడుచేశాననుకుని భయపడ్డాను."

నీ వ్యాసమంతా అక్కడుంది తల్లీ. దాన్ని ఒక్క వాక్యంతో దాటేసి ఉపయోగాల చిట్టాలోకి పరుగెత్తావేం?

ఎందుకు తెల్లబడిందో రాయి. నీళ్లలో నైపామ్ అనే రసాయనం, దాంతో గొలుసులను ముడివేసే బిస్ కొంచెం కలిపావు. నైట్రోజన్ బుడగలు వదిలి ఆక్సిజన్‌ను తరిమేశావు. 70 డిగ్రీల దగ్గర, చర్యను మొదలుపెట్టే పెర్‌సల్ఫేట్ వేశావు. నైపామ్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని గొలుసులుగా పెరిగాయి. ఆ వేడిలో వాటికి నీళ్లంటే గిట్టదు. ముడుచుకుని, ఒకదాన్నొకటి పట్టుకుని రేణువులయ్యాయి, వెలుతురును చెదరగొట్టాయి, ఫ్లాస్కు తెల్లబడింది. బిస్ వేసిన ముడులు ఉన్నాయి కాబట్టి చల్లారాక కరిగిపోకుండా నీళ్లు తాగి ఉబ్బాయి. 1986లో పెల్టన్, చిబాంటే అనే శాస్త్రవేత్తలు ఈ రేణువులను చేసిందీ ఇదే పద్ధతిలో.

ఇక నీ సబ్జా గింజల పోలిక. "వేడికి సబ్జాలా ఉబ్బుతాయి" అని రాశావు! నీ రేణువు 32 డిగ్రీలు దాటితే నీళ్లు కక్కేసి ముడుచుకుంటుంది. చల్లబడితే మళ్లీ తాగుతుంది. స్వయంగా చేసినదానివి, ఇంత తిరగేసి ఎలా రాశావు? చెప్పనా? పోలిక ముందు దొరికింది, కంటితో చూసింది తర్వాత గుర్తొచ్చింది.

నా మొదటి వ్యాసం గంజి మీద. చల్లారితే ఎందుకు గడ్డకడుతుందో పొయ్యి దగ్గర కూర్చుని చూసి రాశాను. ఒక వారపత్రిక సంపాదకుడు పద్నాలుగు నెలలు దగ్గరపెట్టుకుని, పొయ్యిని కొట్టేసి, గంజిని "పిష్టద్రవం" చేసి అచ్చేశాడు. అమ్మకు చదివి వినిపిస్తే "ఏ ఆసుపత్రి సంగతిరా ఇది?" అంది. ఇప్పటివాళ్లు "పాఠకుడికేం లాభం, ఐదు పాయింట్లలో చెప్పండి" అంటున్నారు. వీళ్లకన్నా ఆయనే నయం, కనీసం చివరిదాకా చదివి కొట్టేసేవాడు.

ఉపయోగాలు వద్దనను, ఒక్కటి చాలు. మందు మోయడమే తీసుకో. ఒంటి వేడి 37. అంటే నీ రేణువు ఒంట్లోకి వెళ్తూనే ముడుచుకుని కూర్చుంటుంది! అందుకే ఎక్రిలమైడ్ లాంటిది కాస్త కలిపి ఆ 32ను పైకి జరుపుతారు. పైగా బిస్ ముందే ఖర్చయిపోతుంది కాబట్టి రేణువు నడుమ గట్టిగా, అంచుల్లో వదులుగా ఉంటుంది. మందు పట్టేదీ వదిలేదీ ఆ అల్లికను బట్టే. తయారీ చెప్పకుండా ఇదంతా ఎలా చెబుతావు?

ఏ పత్రికకు పంపాలో తర్వాత చూద్దాం. ముందు తెల్లబడిన ఫ్లాస్కుతో మొదలుపెట్టి మళ్లీ రాయి. అన్నట్టు, భయపడ్డానన్నావు గానీ, హీటరు స్విచ్ ఆపేశావా లేదా?