రస్ట్‌లో పాత లాగ్ ఫైల్స్ మాత్రమే డిలీట్ చేయాలంటే?

ప్రశ్న: ఈమధ్యే రస్ట్ నేర్చుకుంటున్నాను. ఒక ఫోల్డర్‌లో నెల దాటిన లాగ్ ఫైల్స్ మాత్రమే డిలీట్ చేసే ప్రోగ్రామ్ రాయాలి. 'రిమూవ్_డిర్_ఆల్' వాడొచ్చా? మిగతావి కూడా పోతాయేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: వాడొద్దు. అది ఫోల్డర్‌తో సహా లోపలున్నదంతా ఊడ్చేస్తుంది. మీకు కావలసింది ఒక్కో ఫైల్‌ని విడిగా తీసేసే 'రిమూవ్_ఫైల్'. దీంతో తీసేసినవీ రీసైకిల్ బిన్‌లోకి వెళ్లవు, నేరుగా పోతాయి. మెమరీ విషయంలో అంత కట్టుదిట్టంగా ఉండే రస్ట్ కంపైలర్ ఇక్కడ మిమ్మల్ని ఆపదు. అందుకే మొదట్లో 'ట్రాష్' అనే క్రేట్ (రస్ట్ లైబ్రరీ) వాడండి. అది ఫైల్స్‌ని బిన్‌లోకి పంపుతుంది.

ముందుగా 'రీడ్_డిర్'తో ఫోల్డర్ చదివి, షరతుకు సరిపోయిన పాత్‌లన్నీ ఒక వెక్టర్‌లో చేర్చి, స్క్రీన్ మీద ప్రింట్ చేయండి. ఆ జాబితాను కళ్లారా చూసుకోండి. కమాండ్‌తో పాటు డిలీట్ అనే ఆప్షన్ ఇచ్చినప్పుడే తీసేసే భాగం నడిచేలా రాయండి. ఈ ఒక్క అలవాటు మాత్రం వదలొద్దు.

ఎక్కువమంది తడబడేది ఎక్స్‌టెన్షన్ దగ్గర. పాత్ మీద 'ఎక్స్‌టెన్షన్' పిలిస్తే చుక్క లేకుండా వస్తుంది. మీరు చుక్కతో పోలిస్తే ఒక్క ఫైలూ దొరకదు. పెద్ద అక్షరాల్లో ఉన్నవీ దొరకాలంటే 'ఈక్యూ_ఇగ్నోర్_ఆస్కీ_కేస్' వాడాలి. పేరే చుక్కతో మొదలై, ఆ తర్వాత లాగ్ అని మాత్రమే ఉన్న ఫైల్‌కి రస్ట్ లెక్కలో ఎక్స్‌టెన్షనే లేదు, 'నన్' వస్తుంది.

వయసు చూడటానికి మెటాడేటాలోని 'మోడిఫైడ్' తీసుకుని, దాని మీద 'ఎలాప్స్‌డ్' పిలవండి. 30 రోజులంటే 25,92,000 సెకన్లు. ఫైల్ తేదీ భవిష్యత్తులో ఉంటే ఎర్రర్ వస్తుంది, అలాంటి ఫైల్‌ని వదిలేయండి. జిప్ నుంచి నిన్ననే విప్పిన ఫైల్‌కి కూడా సాధారణంగా పాత తేదీయే ఉంటుంది. ప్రింట్ చేసిన జాబితాలో అలాంటివి ఉన్నాయేమో ప్రత్యేకంగా చూడండి.

సబ్ ఫోల్డర్లలోకీ వెళ్లాలంటే 'వాక్‌డిర్' క్రేట్ ఉంది. మామూలుగా అది సింబాలిక్ లింకుల (వేరే ఫైల్‌కో ఫోల్డర్‌కో దారి చూపే షార్ట్‌కట్ లాంటివి) వెంట వెళ్లదు, ఆ సెట్టింగ్ మార్చకండి.

డిలీట్ చేసే లూప్‌లో ప్రశ్నార్థకం గుర్తు (?) వాడొద్దు. విండోస్‌లో ఏదైనా ప్రోగ్రామ్ ఒక లాగ్‌ని తెరిచి ఉంచితే దాన్ని తీసేయడం కుదరకపోవచ్చు. అప్పుడు ఆ గుర్తు వల్ల మీ ఫంక్షన్ ఎర్రర్‌తో మధ్యలోనే ఆగిపోతుంది. దాని బదులు 'మ్యాచ్' రాసి, ఎర్రర్‌ని ఫైల్ పేరుతో సహా ప్రింట్ చేసి, తర్వాతి ఫైల్‌కి వెళ్లండి.